నాటో నిలిచింది, వార్సా కూటమి పోయింది: తేడా ఎక్కడుంది?

“నాటో ఒప్పందాన్నీ వార్సా ఒప్పందాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకరి మీద దాడి జరిగితే మిగతావాళ్లు ఆదుకోవాలని రెండూ చెబుతున్నాయి. ఒకటి ఇప్పటికీ ఉంది, రెండోది 1991లో పోయింది. అమెరికా దగ్గర డబ్బుంది, సోవియట్ దగ్గర లేదు, అంతేనా? గ్రూప్స్‌కి చదువుతున్నాను, పుస్తకాల్లో తేదీలు దొరుకుతున్నాయి గానీ కారణం దొరకడం లేదు. ఇంకో సందేహం: 1971లో ఇండియా సోవియట్ కూటమిలో చేరినట్టా, కాదా?” అని మీరు అడిగారు.

ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ప్రపంచ చరిత్ర చెప్పాను. క్లాసులో ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. ముందు జవాబు ఒక ముక్కలో చెప్పేసి, తర్వాత ఒక్కో సంఘటన చూపిస్తాను. ఒక కూటమి ఎలాంటిదో తెలియాలంటే, దాని సభ్యదేశమే ఒకటి ‘నేను ఒప్పుకోను’ అన్న రోజున ఏం జరిగిందో చూడాలి. అమెరికా ముందుండి నడిపే నాటోలో అలా అన్న దేశాలున్నాయి. కోపాలొచ్చాయి, మాటలు పెరిగాయి, కానీ ఆ దేశాల మీదికి ఎవరూ ట్యాంకులు తోలలేదు. సోవియట్ యూనియన్ నడిపిన వార్సా వైపు తోలారు. 36 ఏళ్లలో వార్సా కూటమి దేశాల సైన్యాలు కలిసి దండెత్తింది ఒకే ఒక్కసారి, 1968 ఆగస్టులో. వెళ్లింది తమ కూటమిలోనే ఉన్న చెకోస్లోవేకియా మీదికి!

డబ్బు సంగతి కూడా నిజమే, దాని దగ్గరికి వస్తాను. కానీ డబ్బు ఒక్కటే కారణమైతే అమెరికా పెట్టిన కూటములన్నీ నిలవాలి కదా. నిలవలేదు. అదీ చూద్దాం.

మొదట గైడ్లలో కనిపించే ఒక పొరపాటు. ‘1949లో నాటో ఏర్పడింది, దానికి పోటీగా వార్సా ఏర్పడింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నాటో ఒప్పందం మీద 12 దేశాలు వాషింగ్టన్‌లో సంతకాలు చేసింది 1949 ఏప్రిల్ 4న. వార్సా ఒప్పందం 1955 మే 14న. మధ్యలో ఆరేళ్లున్నాయి. ఆ ఆరేళ్లూ స్టాలిన్‌కీ, ఆయన తర్వాత వచ్చినవాళ్లకీ కాగితం మీద కూటమి అవసరమే పడలేదు. ఎర్రసైన్యం అప్పటికే తూర్పు యూరప్‌లో ఉంది, ఒక్కో దేశంతో విడివిడిగా ఒప్పందాలున్నాయి. పైగా 1954 మార్చిలో సోవియట్ ప్రభుత్వం తానే నాటోలో చేరడానికి సిద్ధమని లేఖ రాసింది. పశ్చిమ దేశాలు కుదరదన్నాయి. వార్సాకు అసలు ప్రేరణ పశ్చిమ జర్మనీ. 1955 మే మొదటి వారంలో ఆ దేశం నాటోలో చేరింది, దానికి మళ్లీ సైన్యం రాబోతోంది. రెండు కోట్లకు పైగా మనుషుల్ని పోగొట్టుకున్న యుద్ధం ముగిసి అప్పటికి పదేళ్లే. జర్మనీ చేతికి తుపాకీ అంటే మాస్కోలో ఎలాంటి భయం పుట్టి ఉంటుందో ఊహించండి. ఆ భయాన్ని నటన అని కొట్టిపారేసే చరిత్ర పుస్తకాలు నాకు నచ్చవు.

పశ్చిమం వైపు భయం కూడా ఉత్తుత్తిది కాదు. 1947 జూలైలో చెకోస్లోవేకియా ప్రభుత్వం యుద్ధంలో దెబ్బతిన్న యూరప్‌కు అమెరికా ఇస్తానన్న మార్షల్ సాయం గురించి మాట్లాడే పారిస్ సమావేశానికి వెళ్తామని ఒప్పుకుంది. స్టాలిన్ వాళ్ల ప్రధానినీ విదేశాంగ మంత్రినీ మాస్కోకి పిలిపించాడు. వాళ్లు తిరిగి ఇంటికి చేరకముందే పారిస్ ప్రయాణం రద్దయింది. 1948 ఫిబ్రవరిలో ప్రాగ్‌లో అధికారం పూర్తిగా కమ్యూనిస్టు పార్టీ చేతికి వెళ్లింది. మార్చి 10న విదేశాంగ మంత్రి యాన్ మసారిక్ తన కార్యాలయ భవనం కిటికీ కింద శవమై కనిపించాడు. జూన్‌లో సోవియట్ సేనలు చేసిన బెర్లిన్ దిగ్బంధం. రోడ్డు, రైలు, కాలువ అన్నీ మూసేస్తే 20 లక్షల మందికి పైగా ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు బొగ్గు, పిండి, పాలపొడి విమానాల్లో మోశారు. మొత్తం సుమారు 23 లక్షల టన్నులు. ఈ ఏడాదిన్నర సంఘటనల తర్వాతే పశ్చిమ యూరప్ దేశాలు ‘అమెరికా సైన్యం ఇక్కడే ఉండాలి’ అని అడిగాయి. అడిగి తెచ్చుకున్నారన్న ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

నాటో మొదటి సెక్రటరీ జనరల్ లార్డ్ ఇస్మే. ఈయన మన చరిత్రలోనూ కనిపిస్తాడు: 1947లో ఢిల్లీలో మౌంట్‌బాటెన్ దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేసింది ఈయనే. నాటో ఎందుకంటే రష్యన్లను బయట ఉంచడానికి, అమెరికన్లను లోపల ఉంచడానికి, జర్మన్లను అణిచి ఉంచడానికి అని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు. మూడు ముక్కల్లో రెండు సొంత ఇంటి సంగతులే.

ఇక మీరు పక్కపక్కన పెట్టి చదివిన పాఠాలు. మీ పరిశీలన సరైనదే. నాటో 5వ అధికరణం కింద ప్రతి సభ్యదేశం ‘సాయుధ బలంతో సహా తనకు అవసరమని తోచిన చర్య’ తీసుకోవాలి. తోచిన చర్య అన్నారే గానీ, యుద్ధానికి దిగి తీరాలని అనలేదు. యుద్ధం ప్రకటించే హక్కు తమ కాంగ్రెస్‌దేనని అమెరికా సెనేటర్లు పట్టుబట్టారు మరి. వార్సా 4వ అధికరణం కూడా దాదాపు ఇదే మాట. పైగా వార్సా 8వ అధికరణంలో సభ్యదేశాల స్వాతంత్ర్యాన్నీ సార్వభౌమత్వాన్నీ గౌరవిస్తామని, ఒకరి ఆంతరంగిక వ్యవహారాల్లో మరొకరు జోక్యం చేసుకోమని స్పష్టంగా రాసుకున్నారు. సైనిక నాయకత్వంలోనూ పోలిక ఉంది. యూరప్‌లో నాటో ప్రధాన సేనాపతి మొదటినుంచీ అమెరికన్ సైనికాధికారే, ఐసన్‌హోవర్‌తో మొదలు. వార్సా సేనాపతి ఎప్పుడూ సోవియట్ సైనికాధికారే, మార్షల్ కోనెవ్‌తో మొదలు. కాగితాలు చూసి తేడా పట్టుకోలేరు. 1956 శరదృతువుకు రావాలి.

ఆ ఏడాది అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో పది పన్నెండు రోజుల్లో రెండు కూటములకూ ఒకేసారి పరీక్ష వచ్చింది. ఈ రెండు సంఘటనల్నీ విడివిడి పాఠాలుగా చదవడం వల్ల చాలామందికి ఈ పోలిక తట్టదు. ఒక కాగితం మీద తేదీలు పక్కపక్కన రాసుకుని చూడండి.

అక్టోబర్ 23న బుడాపెస్ట్‌లో విద్యార్థుల ఊరేగింపు తిరుగుబాటుగా మారింది. ఇమ్రె నాజ్ ప్రధాని అయ్యాడు. ఆయనా కమ్యూనిస్టే, మాస్కోలో ఏళ్ల తరబడి ఉన్నవాడే. అక్టోబర్ 30న సోవియట్ ప్రభుత్వం సోషలిస్టు దేశాల మధ్య సంబంధాలు సమానత్వం మీద ఉండాలని ఒక ప్రకటన చేసింది. బుడాపెస్ట్‌లో జనం ఊపిరి పీల్చుకున్నారు. మరుసటి రోజే క్రెమ్లిన్‌లో మనసు మారింది, దండెత్తాలని నిర్ణయించారు. కొత్త సేనలు సరిహద్దు దాటి వస్తున్నాయని తెలిసి, నవంబర్ 1న నాజ్ రేడియోలో హంగరీ వార్సా ఒప్పందం నుంచి వైదొలగుతోందని, ఇకపై తటస్థ దేశమని ప్రకటించాడు. నవంబర్ 3 రాత్రి సోవియట్ సైనిక స్థావరంలో చర్చలకు వెళ్లిన హంగరీ రక్షణ మంత్రి పాల్ మలెటర్‌ను చర్చల బల్ల దగ్గరే అరెస్టు చేశారు. నాలుగో తేదీ తెల్లవారుజామున ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి వచ్చాయి. సుమారు 2,500 మంది హంగేరియన్లు చనిపోయారు, దాదాపు 2 లక్షల మంది దేశం వదిలి ఆస్ట్రియా వైపు నడిచిపోయారు. యుగోస్లావియా రాయబార కార్యాలయంలో తలదాచుకున్న నాజ్‌కు ఏమీ చేయమని మాటిచ్చి బయటికి రప్పించి, బస్సెక్కగానే పట్టుకెళ్లారు. 1958 జూన్ 16న ఆయన్నీ మలెటర్‌నీ ఉరితీశారు.

సరిగ్గా అవే రోజుల్లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఒక రహస్య ఒప్పందం చేసుకుని సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద పడ్డాయి. నాటోలో అమెరికా తర్వాత పెద్ద దేశాలు ఆ రెండే. అమెరికాకు ముందుగా చెప్పలేదు. అప్పటికి అమెరికా అధ్యక్షుడైన ఐసన్‌హోవర్‌కు ఒళ్లు మండింది. బ్రిటిష్ పౌండు విలువ పడిపోతుంటే ఆదుకోవడానికి ఒప్పుకోలేదు, కాల్పులు ఆపి వెనక్కి పొమ్మన్నాడు. నవంబర్ 6న బ్రిటన్ ఆగింది. ప్రధాని ఈడెన్ జనవరిలో రాజీనామా చేశాడు. ఇదీ ఒత్తిడే, గట్టి ఒత్తిడే. మీరు చెప్పిన డబ్బు ఆయుధంగా పనిచేసిన చోటు ఇదే. కానీ ఈడెన్ రాజీనామా చేసి ఇంటికెళ్లాడు, నాజ్ ఉరికంబం ఎక్కాడు. బ్రిటన్‌లో ఎన్నికలు యథావిధిగా జరిగాయి, హంగరీలో కొత్త ప్రభుత్వం సోవియట్ ట్యాంకుల వెనక వచ్చింది.

హంగరీకి నాటో ఏమీ చేయలేదని కూడా జవాబులో రాయండి. తిరగబడమని రేడియోల్లో ప్రోత్సహించినవాళ్లు తీరా ఆ రోజు వచ్చాక కదల్లేదు. అవతలి సగంలోకి అడుగుపెడితే అణుయుద్ధమే అన్న లెక్క అప్పటికే రెండు వైపులా కుదిరిపోయింది.

ఆ అణు లెక్క ఎంత సన్నటి దారం మీద వేలాడిందో నాకు పుస్తకంలో కన్నా విశాఖ బీచ్ రోడ్డులో బాగా అర్థమైంది. అక్కడ సబ్‌మెరైన్ మ్యూజియంగా పెట్టిన ఐఎన్‌ఎస్ కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారైంది. నాటో దేశాలు ఫాక్స్‌ట్రాట్ అని పేరు పెట్టిన తరగతికి చెందినది. పొడవు 91 మీటర్లు. విద్యార్థుల్ని చాలాసార్లు తీసుకెళ్లాను. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లాలంటే గుండ్రటి కంతలాంటి ద్వారంలో తల వంచి, కాలెత్తి దాటాలి. రెండు భుజాలూ రెండు వైపులా పైపులకు తగులుతాయి. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి అందులోనే తిని, అందులోనే పడుకుని, టార్పెడోల పక్కనే కళ్లు మూసుకునేవాళ్లు. లోపలికి వెళ్లిన పిల్లలు పది నిమిషాల్లో ఉక్కపోస్తోందని బయటికి చూస్తారు. అప్పుడు వాళ్లకు బి-59 కథ చెప్పేవాణ్ని.

1962 అక్టోబర్‌లో, క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడి వచ్చిన క్యూబా క్షిపణుల సంక్షోభం నాటికి సోవియట్ నౌకాదళం ఇదే తరగతి సబ్‌మెరైన్లను నాలుగింటిని అట్లాంటిక్ దాటించింది. ఉత్తరధ్రువం చలి కోసం కట్టిన పడవలు కరీబియన్ వేడి నీళ్లలోకి వచ్చాయి. లోపల వేడి 45 డిగ్రీలు దాటింది, మంచినీళ్లు కొలిచి ఇచ్చారు. నాలుగింటిలోనూ తలా ఒక అణు టార్పెడో ఉంది, ఆ సంగతి అమెరికన్లకు తెలియదు. అక్టోబర్ 27న అమెరికా యుద్ధనౌకలు వాటిలో ఒకటైన బి-59ను చుట్టుముట్టి, పైకి రమ్మని హెచ్చరికగా చిన్న పేలుడు పదార్థాలు నీళ్లలోకి వదిలాయి. లోపలివాళ్లకు మాస్కోతో సంబంధం లేదు. పైన యుద్ధం మొదలైందో లేదో తెలియదు. కెప్టెన్ సవిట్‌స్కీ సహనం కోల్పోయి అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడని, అదే పడవలో ఉన్న అధికారి వాసిలీ అర్ఖిపోవ్ ఆయన్ని శాంతపరిచాడని అందులో పనిచేసిన ఒకరు తర్వాత చెప్పారు. వివరాల్లో సాక్షుల మాటలు కొంత తేడాగా ఉన్నా, ఆ రాత్రి బి-59 టార్పెడో వదలకుండా నీళ్లపైకి వచ్చింది. ఆ ఇరుకు గదుల్లో నిలబడి ఇది వింటే పిల్లలు మాట్లాడకుండా అయిపోయేవాళ్లు.

కూటముల కోణంలో క్యూబా సంక్షోభంలో చూడాల్సింది ఇంకొకటి ఉంది. అమెరికా అధ్యక్షుడు కెనడీ, సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ఇద్దరే బేరం కుదుర్చుకున్నారు. క్యూబా నుంచి క్షిపణులు తీసేస్తే టర్కీలో ఉన్న అమెరికా జూపిటర్ క్షిపణులు కూడా తీసేస్తామని కెనడీ రహస్యంగా మాటిచ్చాడు. ఆ బేరం సంగతి టర్కీకి చెప్పలేదు. క్షిపణులు వెనక్కి పోతున్నాయని క్యూబా నాయకుడు కాస్ట్రోకు కూడా ముందు చెప్పలేదు, ఆయన మండిపడ్డాడు. అగ్రరాజ్యాలకు ప్రాణం మీదికి వస్తే మిత్రులను అడగవన్న పాఠం రెండు వైపులా అందింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ ఆ పాఠాన్ని బాగా ఒంటబట్టించుకున్నాడు.

1966 మార్చి 7న డిగాల్ అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కు ఉత్తరం రాశాడు: ఫ్రాన్స్ నాటో ఉమ్మడి సైనిక నాయకత్వం నుంచి తప్పుకుంటోంది, మా నేల మీద విదేశీ స్థావరాలు ఉండకూడదు. 1967 ఏప్రిల్ 1 దాకా గడువిచ్చారు. నాటో ప్రధాన కార్యాలయం అప్పటిదాకా పారిస్‌లోనే ఉండేది. అమెరికన్లకు పట్టలేని కోపం వచ్చింది. ఫ్రాన్స్ మట్టిలో పూడ్చిన మా సైనికుల శవాలను కూడా తీసుకుపోవాలా అని విదేశాంగ మంత్రి డీన్ రస్క్ అడిగాడని చెబుతారు. అడిగి, సామాను సర్దుకున్నారు. కార్యాలయం బ్రస్సెల్స్‌కు మారింది. పారిస్‌లో ఖాళీ అయిన నాటో భవనంలో విశ్వవిద్యాలయం పెట్టారు, ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. ఫ్రాన్స్ ఒప్పందం నుంచి మాత్రం బయటికి పోలేదు. 43 ఏళ్ల తర్వాత, 2009లో, తనంతట తానే సైనిక నాయకత్వంలోకి తిరిగి వచ్చింది.

ఫ్రాన్స్ పెద్ద దేశం, అణుబాంబు ఉంది, అందుకే భరించారని క్లాసులో ఒకరిద్దరు అనేవాళ్లు. మంచి అభ్యంతరమే. అయితే ఐస్‌లాండ్ సంగతి చూడండి. అప్పటి జనాభా రెండు లక్షల చిల్లర, మన మండల కేంద్రాలు మూడు నాలుగు కలిపితే అంత. సైన్యమే లేదు. ఆ దేశం చేపల కోసం బ్రిటన్‌తో మూడుసార్లు తగాదా పడింది. తన తీరం చుట్టూ 200 నాటికల్ మైళ్ల దాకా ఇతరులు చేపలు పట్టకూడదంది. బ్రిటన్ యుద్ధనౌకలు పంపితే, ఐస్‌లాండ్ తీరరక్షక పడవలు వెళ్లి బ్రిటిష్ వలల తాళ్లు కోసేశాయి. నౌకలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. 1976 ఫిబ్రవరిలో బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. నాటో నుంచి వెళ్లిపోతాం, కెఫ్లావిక్ స్థావరం మూసేస్తాం అని బెదిరించింది. సోవియట్ సబ్‌మెరైన్లు అట్లాంటిక్‌లోకి వచ్చే దారి మీద నిఘా ఉండేది అక్కడినుంచే. 1976 జూన్‌లో బ్రిటన్ తలవంచింది, 200 మైళ్లూ ఐస్‌లాండ్‌కు దక్కాయి. పరీక్షల్లో ఎవరూ అడగరు గానీ, నాటో లోపల చిన్న దేశానికి ఎంత చోటు ఉందో ఈ చేపల గొడవ చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు.

ఇప్పుడు 1968 ఆగస్టు 20 రాత్రి. చెకోస్లోవేకియా నాయకుడు డుబ్చెక్ వార్సా ఒప్పందం నుంచి తప్పుకుంటానని ఎప్పుడూ అనలేదు. హంగరీ చేసిన తప్పు చేయకూడదని జాగ్రత్తగా ఉన్నాడు. పత్రికల మీద సెన్సార్ తీసేశాడు, పార్టీలో చర్చకు తావిచ్చాడు, అంతే. ఆ రాత్రి సోవియట్, పోలండ్, హంగరీ, బల్గేరియా సేనలు సరిహద్దులు దాటాయి. తూర్పు జర్మనీ సేనల్ని మాత్రం సరిహద్దు దగ్గరే ఆపారు, జర్మన్ యూనిఫాం మళ్లీ ప్రాగ్‌లో కనిపిస్తే ఏమవుతుందో మాస్కోకు తెలుసు. చెక్ సైన్యం కాల్పులు జరపలేదు. జనం ఏం చేశారంటే, ఊళ్ల పేర్ల బోర్డులు పీకేశారు, వీధుల పేర్లకు రంగు పూసేశారు, ట్యాంకులకు దారి తెలియకూడదని. కొన్ని చోట్ల మిగిల్చిన ఒకే బోర్డు మీద ‘మాస్కో’ అని బాణం గుర్తు. ట్యాంకులెక్కి ఆ కుర్ర సైనికులతో రష్యన్ భాషలో వాదించారు, బడిలో తప్పనిసరిగా నేర్పిన భాషే కదా. ఆ ఏడాది చివరికి 130 మందికి పైగా పౌరులు చనిపోయారు. డుబ్చెక్‌ను మాస్కోకు పట్టుకెళ్లి సంతకం పెట్టించారు. సోషలిజానికి ప్రమాదం వస్తే ఏ సోషలిస్టు దేశంలోనైనా జోక్యం చేసుకునే బాధ్యత మాకుందన్నది అప్పటి సోవియట్ నాయకుడి పేరు మీద బ్రెజ్నెవ్ సిద్ధాంతంగా పేరుపడింది. వాళ్లు రాసుకున్న 8వ అధికరణం అక్కడ ముగిసిపోయింది.

మన దేశంలోనూ దీని సెగ తగిలింది. భద్రతామండలిలో ఖండన తీర్మానంపై భారత్ ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయింది, దానికి నిరసనగా కేంద్ర మంత్రి అశోక్ మెహతా రాజీనామా చేశారు. ఆయన చేసింది సరైన పని అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

రొమేనియా సంగతి అడుగుతారేమో. చౌషెస్కు ఆ దండయాత్రకు సైన్యం పంపలేదు, పైగా బహిరంగంగా ఖండించాడు. అయినా మాస్కో ఊరుకుంది. ఎందుకంటే ఇంట్లో ఆయన నియంతృత్వం గట్టిగా ఉంది, పార్టీ పట్టు జారిపోయే ప్రమాదం లేదు. మాస్కో భయమంతా జనం పార్టీని దించేస్తారనే. అల్బేనియా అదే ఏడాది సెప్టెంబర్‌లో కూటమి వదిలి వెళ్లిపోయింది, దాన్ని భూగోళం కాపాడింది. సోవియట్ సేనలు అక్కడికి వెళ్లాలంటే మధ్యలో యుగోస్లావియా ఉంది.

అమెరికా వైపు అంతా ప్రజాస్వామ్యమేనని రాస్తే మార్కులు తగ్గాలి, నేనైతే తగ్గించేవాణ్ని. నాటో వ్యవస్థాపక సభ్యుల్లో సలజార్ నియంతృత్వంలోని పోర్చుగల్ ఉంది. గ్రీసులో 1967 నుంచి 1974 దాకా సైనికాధికారుల పాలన నడిచింది, నాటో సభ్యత్వం మాత్రం చెక్కుచెదరలేదు. 1948 ఇటలీ ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలవకుండా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బు పోసింది. ఇక యూరప్ బయట అమెరికా చేయి ఉన్న ప్రభుత్వాల కూల్చివేతలు: ఇరాన్ 1953, గ్వాటెమాలా 1954, చిలీ 1973. పైగా వియత్నాం యుద్ధం. అక్కడి జనానికి అమెరికా ముఖం బుడాపెస్ట్‌లో సోవియట్ ముఖంలాగే కనిపించింది. నేను చెబుతున్న తేడా నాటో లోపలి తేడా. దాన్ని అమెరికా మంచితనానికి సర్టిఫికెట్‌గా వాడకండి.

అమెరికా ప్రోద్బలంతో పుట్టిన కొన్ని కూటములు నిలవలేదన్నాను. ఆగ్నేయాసియా కోసం 1954 సెప్టెంబర్‌లో మనీలాలో సీటో పుట్టింది, 1977లో రద్దయింది. పశ్చిమాసియా కోసం 1955లో బాగ్దాద్ ఒప్పందం పుట్టింది. 1958 జూలైలో ఇరాక్‌లో రాజును చంపి సైన్యం అధికారం తీసుకున్నాక, బాగ్దాద్ ఒప్పందంలో బాగ్దాదే లేకుండా పోయింది. సెంటో అని పేరు మార్చుకుని, 1979లో ఇరాన్ విప్లవంతో అదీ ముగిసింది. రెండూ వార్సా కన్నా ముందే పోయాయి. అక్కడ అడిగి తెచ్చుకున్నది ప్రజలు కారు, రాజులూ సైనికాధికారులూ. వాళ్లు పోగానే ఒప్పందం పోయింది. పాకిస్థాన్ ఈ రెండింటిలోనూ చేరింది, కానీ ఆశించినది వేరు. అమెరికా లెక్కలో అవి కమ్యూనిజానికి వ్యతిరేకంగా, పాకిస్థాన్ లెక్కలో భారత్‌కు వ్యతిరేకంగా. 1965 యుద్ధంలో అమెరికా ఇద్దరికీ ఆయుధాలు ఆపేసినప్పుడు ఆ రెండు లెక్కల తేడా బయటపడింది.

ఆ ఆయుధాల్లో ఒకటి మన విశాఖ సముద్రం అడుగున ఉంది. పీఎన్‌ఎస్ ఘాజీ అసలు అమెరికా సబ్‌మెరైన్, పేరు డయాబ్లో, పాకిస్థాన్‌కు అద్దెకిచ్చారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చి 1971 డిసెంబర్ 3-4 రాత్రి విశాఖ తీరం దగ్గర 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే ముంచాయని మన నౌకాదళం అంటుంది, లోపలి పేలుడు లేదా తన మైనే కారణమని పాకిస్థాన్ అంటుంది. ఆ రాత్రి కిటికీ అద్దాలు అదిరాయని విశాఖలో పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

1980లలోని క్షిపణుల పోటీ, పశ్చిమ జర్మనీలో లక్షల మంది ప్రదర్శనలు, ఆ క్షిపణులు తీసేయాలన్న 1987 ఒప్పందం మీ పుస్తకాల్లో ఎలాగూ ఉంటాయి, వదిలేస్తాను. వార్సా ముగింపుకు మాత్రం ఒక తేదీ కచ్చితంగా రాయండి: 1988 డిసెంబర్ 7. ఆ రోజు సోవియట్ నాయకుడు గోర్బచేవ్ ఐక్యరాజ్యసమితిలో సైన్యాన్ని 5 లక్షలు తగ్గిస్తామని, తూర్పు యూరప్ నుంచి కొన్ని ట్యాంకు డివిజన్లను వెనక్కి తెస్తామని, ఏ దేశమైనా తన దారి తాను ఎంచుకోవచ్చని ప్రకటించాడు. ఇక్కడ డబ్బు పాత్ర ఉంది. చమురు ధర పడిపోయింది, ఆఫ్ఘనిస్థాన్ యుద్ధం పీల్చేసింది, అణ్వాయుధాల గుట్ట ఉన్నా దుకాణాల్లో సరుకుల్లేవు. అయితే డబ్బు లేకపోవడం వల్ల సోవియట్ సేనలు వెళ్లాయి. సేనలు వెళ్తే కూటమి ఎందుకు మిగల్లేదన్నదానికి డబ్బు జవాబు చెప్పదు. 1966లో అమెరికన్లు ఫ్రాన్స్ వదిలి వెళ్తే ఫ్రాన్స్ ఒప్పందంలోనే ఉంది. 1989లో ట్యాంకులు రావని తెలిసిన మరుక్షణం నుంచి వార్సాలో ఎవరికీ ఉండాలనిపించలేదు.

1989 జూన్ 16న, ఉరితీసిన సరిగ్గా 31 ఏళ్లకు, బుడాపెస్ట్ వీరుల కూడలిలో ఇమ్రె నాజ్‌కూ ఆయన సహచరులకూ బహిరంగంగా అంత్యక్రియలు చేశారు. ఆరు శవపేటికలు పెట్టారు. ఆరోది ఖాళీది, పేరు తెలియని మృతులందరి కోసం. సెప్టెంబర్‌లో హంగరీ తన సరిహద్దు తెరిచింది, నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1991 జూలై 1న ప్రాగ్‌లో వార్సా కూటమి రద్దు పత్రం మీద సంతకాలయ్యాయి. గోర్బచేవ్ రాలేదు, ఉపాధ్యక్షుడు యనాయెవ్‌ను పంపాడు. 1999 మార్చిలో పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ నాటోలో చేరాయి. తర్వాతి పదేళ్లలో మిగతావాళ్లూ చేరారు. సోవియట్ యూనియన్‌ను పక్కన పెడితే వార్సా పాత సభ్యుల భూభాగమంతా ఈరోజు నాటోలోనే ఉంది. నాటో విస్తరణ మీద రష్యాకు ఉన్న మనస్తాపం చిన్నది కాదు, జర్మనీ ఏకీకరణ చర్చల్లో నోటిమాటగా ఏం హామీ ఇచ్చారన్న వివాదం ఇంకా నడుస్తోంది. కానీ ఆ దేశాలు 1949లో పశ్చిమ యూరప్ లాగానే అడిగి చేరాయి. ఎందుకు అడిగాయో బుడాపెస్ట్‌నీ ప్రాగ్‌నీ చూస్తే తెలుస్తుంది.

చివరిగా మీ రెండో సందేహం. 1971 ఆగస్టు 9న ఢిల్లీలో రెండు దేశాల విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, గ్రొమికో సంతకాలు చేసిన భారత-సోవియట్ ఒప్పందంతో మనం వార్సా కూటమిలో చేరలేదు. చాలామంది 9వ అధికరణం ఒక్కటే రాసి, చేరినట్టే అని తేల్చేస్తారు. అందులో ఉన్నది దాడి గానీ దాడి ముప్పు గానీ వస్తే వెంటనే సంప్రదింపులు జరపాలని. సైన్యం పంపి తీరాలన్న షరతు లేదు, ఉమ్మడి సేనాపతి లేడు, స్థావరాలు లేవు. దానితోపాటు 4వ అధికరణం కూడా రాయండి. భారత్ అలీన విధానాన్ని సోవియట్ యూనియన్ గౌరవిస్తుందని అందులో స్పష్టంగా ఉంది. ఆ డిసెంబర్‌లో పాకిస్థాన్‌తో యుద్ధం జరుగుతుండగా అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు ఈ ఒప్పందం మనకు ఎంత ధైర్యమిచ్చిందో రాస్తే జవాబుకు బలం వస్తుంది. సోవియట్ యూనియన్ పోయాక, 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు దాని స్థానంలో రష్యాతో కొత్త ఒప్పందం రాసుకున్నారు. 9వ అధికరణం లాంటిది అందులో పెట్టలేదు.